నంబరు రాళ్లు

బోరిగూడ, ఉట్నూర్ మండలం
19 ఆగస్టు 2024

ముష్తాక్‌కు,

ఏలియా వందనాలు. నీ గొంతు ఆపరేషన్ సంగతి మొన్న నీ బిడ్డ మహెక్ ఫోన్‌లో చెప్తే తెలిసింది. అప్పుడే రెండేళ్లయిందట. ఫోన్ చేస్తే నువ్వు వింటావు కానీ మాట్లాడలేవనీ, ఏదున్నా రాసి పంపమనీ అన్నది. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. కాబట్టి ఐటీఐ అయిపోయిన కొత్తలో రాసుకున్నట్టే రాస్తున్నాను.

విషయం ఇది. మా సమాధుల తోట పక్క రోడ్డును వెడల్పు చేస్తున్నారు. తోటలో రోడ్డు వైపు ఉన్న రాళ్లు, 120 నుంచి 171 దాకా, పోతాయి. నవంబరు 30 లోపు ఏ సమాధి ఎవరిదో చర్చి సంఘం తరఫున మండల ఆఫీసుకు జాబితా ఇవ్వాలి. పేరున్న వాళ్ల ఎముకలను ఎవరివి వాళ్లకు కొత్త జాగాలో పెట్టుకోనిస్తారు. పేరు తేలనివి అన్నీ ఒకే గుంతలో.

పేరు చెక్కించే స్తోమత మా వాళ్లకు లేని రోజుల్లో రాయి మీద నంబరు మాత్రమే కొట్టేవాళ్లం. పేరు రిజిస్టరులో ఉండేది. 1996లో నువ్వు సంఘానికి కంప్యూటరు కూర్చి, అందులో తెలుగు అక్షరాలు రావడానికి తెలుగు కార్డు పెట్టి ఇచ్చాక ఆ రిజిస్టరంతా అందులోకి ఎక్కించాను. తర్వాతి పేర్లు కంప్యూటరులోనే రాశాను, 2006 దాకా. అప్పటి నుంచి జనం పేరు చెక్కిన రాళ్లే పెడుతున్నారు. పాత పుస్తకం 2013 వానల్లో పాస్టరు గది కప్పు కూలి నానిపోయింది.

ఈ జూన్‌లో పిడుగు పడింది. ప్లగ్గు తీయడం మరిచాను. మోటార్లు చుట్టి బతికేవాడిని, అయినా మరిచాను. మదర్‌బోర్డు నల్లబడింది. తెలుగు కార్డు మధ్యలో కాలింది. హార్డ్ డిస్క్ బాగుంది. ఉట్నూర్‌లో ఒక దుకాణంలో ఫైళ్లను పెన్ డ్రైవ్‌లోకి తీశారు కానీ ఏ కంప్యూటరులోనూ అక్షరాలు రావడం లేదు. ఆ కార్డు ఉంటేనే ఆ ప్రోగ్రాం తెరుచుకుంటుందని నువ్వే చెప్పావు. దుకాణమాయన అన్నాడు: "సార్, గిది నాకు కాదు, మ్యూజియంకు ఇయ్యున్రి."

లచ్చవ్వ ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక అడుగుతుంది. ఆమె కొడుకు ఫిలిప్ 2001 ఆగస్టు జ్వరాల్లో పోయాడు. తొమ్మిదేళ్లు. మట్టి చేసిన రోజున అదే జ్వరంతో ఆమె ఆదిలాబాద్ ఆస్పత్రిలో ఉంది. భర్త రాజయ్య ఆమె దగ్గరే ఉన్నాడు, తర్వాత అతనూ పోయాడు. ఆమెకు మిగిలింది 131వ నంబరు రాయి. ప్రతి ఈస్టరుకు సున్నం వేసి కొవ్వొత్తి పెడుతుంది. కానీ నోటి మాట చెల్లదంటున్నారు. ఇప్పటికే 140 మాదంటే మాదని రెండు ఇళ్ల వాళ్లు కొట్లాడుకున్నారు. "నా పోరన్ని గుంతల కలపనియ్యకు తమ్మీ" అంటుంది.

నాకు కావలసినవి: ఆ కార్డు పట్టే పొడుగు స్లాటు ఉన్న బోర్డు ఒకటి, తెలుగు కార్డు ఒకటి. రాయి 1 నుంచి 96 దాకా ఉన్న మొదటి ఫైలు 1999లో నువ్వు మెమరీ పెంచడానికి వచ్చినప్పుడే పాడైంది కదా. దాన్ని అడగడం లేదు. 97 నుంచి చాలు.

ఏలియా

కరీంనగర్
6 సెప్టెంబరు 2024

ఏలియా భాయ్‌కి సలాం.

నీ ఉత్తరం చూసి సంతోషపడాలో భయపడాలో తెలియలేదు. ఆ కార్డుల తయారీ ఆగి ఇరవై ఏళ్లు దాటింది. పొడుగు స్లాటు బోర్డులు అంతకు ముందే ఆగాయి. ఇప్పటి పిల్లలకు ఆ స్లాటు చూపిస్తే ఏం పెట్టేదని అడుగుతారు.

నాకిప్పుడు దుకాణం లేదు. ఇంటి ముందు ఒక బల్ల ఉంది. చార్జర్లు, మిక్సీలు బాగు చేస్తాను. ఎవరైనా వస్తే చీటీ మీద రాసి చూపిస్తాను. వాళ్లు అది చదివి నా చెవి దగ్గరికొచ్చి అరుస్తారు. మాట పోయిందంటే వినికిడి కూడా పోయిందనుకుంటారు. "నాకు వినబడుతుంది" అని ఒక అట్ట మీద రాసి బల్లకు తగిలించాను. దాన్ని కూడా గట్టిగా చదువుతారు.

పాత సామాను కొనే యూనుస్ గోదాములో మూడు రోజులు వెతికాను. బోర్డులు బస్తాల్లో ఉన్నాయి, బంగారం తీసేవాళ్లకు కిలోల లెక్కన పోతాయట. "చాచా, గిండ్ల ఏం దేవులాడుతున్నవ్? నీ జవానీ దొరుకుతదా?" అన్నాడు యూనుస్. నాలుగు బోర్డులు తెచ్చుకున్నాను. మూడింటిలో బ్యాటరీ కారి బోర్డు మీది రాగి గీతలను తినేసింది. నాలుగోది లేచింది.

కార్డు కోసం రామచంద్రం గారి దగ్గరికి వెళ్లాను. గుర్తున్నాడా, పెళ్లిపత్రికల ప్రెస్సు. ప్రెస్సు మూసి చాలా ఏళ్లయింది. కంప్యూటరు అటక మీద ఉంది. చీటీ చదివి, "తీస్కపో, నాకెందుకది" అని నిచ్చెన చూపించాడు.

రెండూ ఈ డబ్బాలో పెట్టి ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. కార్డును బంగారు అంచు దగ్గర పట్టుకోవద్దు. హార్డ్ డిస్క్ తీగలో ఎర్రగీత కరెంటు వైపు ఉండాలి. మిగతాది నీకు తెలిసిందే.

లచ్చవ్వకు సలాం చెప్పు.

ముష్తాక్

బోరిగూడ
24 సెప్టెంబరు 2024

ముష్తాక్‌కు,

డబ్బా క్షేమంగా అందింది. ఉట్నూర్ నుంచి జీపులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. నువ్వు రాసినట్టే బిగించాను. రెండో రోజున లేచింది. తెలుగు అక్షరాలు వచ్చాయి. పాస్టరు గారు ప్రార్థన చేశారు. లచ్చవ్వ గుమ్మం దగ్గర నిలబడి చూసింది, లోపలికి రాలేదు.

ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి ఫైలు తెరుచుకుంది. పాతికేళ్ల కింద పాడైందన్నది. ఒకటో రాయి నుంచి తొంభై ఆరో రాయి దాకా ఒక్క పేరు పోలేదు. మా నాన్న పేరు ముప్పై నాలుగులో ఉంది.

రెండో ఫైలు తెరుచుకోలేదు. మొన్న జూన్ దాకా తెరుచుకున్నది. 97 నుంచి 171 దాకా ఉన్నది. "కార్డు సరిపోలేదు" అని చూపించి ఆగిపోతోంది. పదకొండు సార్లు ప్రయత్నించాను.

చచ్చింది లేచింది, బతికున్నది చచ్చింది. నా పనిలో ఇలాంటిది చూడలేదు. మోటారు కాలితే కాలుతుంది, లేకపోతే తిరుగుతుంది. ఇదేమిటో చెప్పు.

లచ్చవ్వ అడిగింది. "మీ బాపు దొరికిండట గదా. నా కొడుకేడి?" అంది.

ఏలియా

కరీంనగర్
3 అక్టోబరు 2024

ఏలియా భాయ్‌కి సలాం.

ఆలస్యమైంది. గొంతు దగ్గర గొట్టం మార్చాలని హైదరాబాద్ పిలిచారు. రెండు రోజులు అక్కడే. ఆహారం మెత్తగా తింటున్నాను. మహెక్ బాగా చూసుకుంటోంది.

ఫైలు సంగతి. పాత కార్డులకు అంచు మాసిపోతుంది. పెన్సిల్ చెరిపే రబ్బరుతో బంగారు అంచును మెల్లగా రుద్దు. తర్వాత పక్క స్లాటులో పెట్టి చూడు. బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ కొత్తది వేయి. తేదీని 2001కి మార్చి చూడు. ఒక్కోసారి పని చేస్తుంది.

డిస్క్ కూడా పాతది. దాని తప్పు కూడా ఉండవచ్చు.

ముష్తాక్

బోరిగూడ
21 అక్టోబరు 2024

ముష్తాక్ గారికి,

మీరు రాసినవన్నీ చేశాను. రబ్బరుతో రుద్దాను. మూడు స్లాట్లలోనూ పెట్టాను. బ్యాటరీ ఉట్నూర్‌లో దొరకకపోతే ఆదిలాబాద్ వెళ్లి తెచ్చాను. తేదీ మార్చాను. రెండో ఫైలు తెరుచుకోలేదు.

ఆదిలాబాద్ నుంచి వచ్చేటప్పుడు బస్సులో ఆ కార్డుతో 1996లో ఇచ్చిన చిన్న పుస్తకం చదివాను. నేను కాగితాలు పారేయనని మీకు తెలుసు. పన్నెండో పేజీలో ఇలా ఉంది: ప్రతి కార్డుకు ఒక నంబరు ఉంటుంది, ఒక కార్డుతో రాసిన ఫైలు వేరే నంబరు కార్డుతో తెరుచుకోదు. ప్రోగ్రాంను దొంగతనంగా నకలు చేయకుండా ఈ ఏర్పాటు.

పుస్తకం వెనక అట్ట మీద నేను అప్పట్లో మా కార్డు నంబరు రాసుకున్నాను: 2217. మీరు రామచంద్రం గారి అటక మీది నుంచి తెచ్చి పంపిన కార్డు మీద నంబరు కూడా 2217.

సంఘం డైరీలో 11 ఫిబ్రవరి 1999 నాటి మాటలు: "ముష్తాక్ వచ్చాడు. మెమరీ పెంచాడు. కార్డు తీసి తుడిచి పెట్టాడు. భోజనం మా ఇంట్లో. సాయంత్రం బస్సుకు వెళ్లాడు. పాత ఫైలు తెరుచుకోవడం లేదు."

ఈ మూడింటినీ ఎలా కలపాలో మీకు తెలిస్తే రాయండి.

సి. ఏలియా
సంఘ కార్యదర్శి

కరీంనగర్
4 నవంబరు 2024

ఏలియాకు,

నువ్వు సంతకం కింద హోదా రాయడం నలభై ఏళ్లలో ఇదే మొదటిసారి. నాలుగుసార్లు జవాబు రాసి చింపాను. ఇది ఐదోది.

ఫిబ్రవరి 1999. రామచంద్రం గారి ప్రెస్సు కార్డు కాలిపోయింది. పెళ్లిళ్ల సీజను. వారంలో కార్డు తెస్తానని మాట ఇచ్చాను. కంపెనీని అడిగితే మూడు నెలలన్నారు. ఆ టైములోనే హైదరాబాద్‌లో ఒకడు నకిలీ కార్డులు చేసి అమ్ముతున్నాడని తెలిసి ఎనిమిది తెచ్చాను. రామచంద్రం గారికి నకిలీ ఇవ్వడానికి ధైర్యం చాలలేదు. ఆయన పని తెలిసినవాడు, కార్డు చూసి పట్టేస్తాడు. నువ్వు పట్టవనుకున్నాను. నీ కార్డు తీసుకెళ్లి ఆయనకు ఇచ్చి, నకిలీ నీ కంప్యూటరులో పెట్టాను. ఆ రోజు మీ ఇంట్లో చేపల పులుసు. అది కూడా గుర్తుంది.

అక్షరాలు రెండింటిలోనూ ఒకేలా వస్తాయి. ఎవరికీ నష్టం లేదని నాకు నేను చెప్పుకున్నాను. నీ పాత ఫైలు తెరుచుకోకపోయేసరికి అది పాడైందని చెప్పాను. ఒకసారి చేశాక అలవాటైంది. మిగతా ఏడు నకిలీలను మరో ఏడుగురికి అలాగే పెట్టాను, వాళ్ల అసలు కార్డులు వేరే చోట అమ్మాను.

రామచంద్రం గారి అటక ఎక్కినప్పుడు నీ కార్డుతో పని జరిగిపోతుందేమో, నువ్వు ఏమీ అడగవేమో అనుకున్నాను. రబ్బరుతో రుద్దమని రాసినప్పుడు అది రుద్దితే పోయేది కాదని నాకు తెలుసు. తెలిసే నిన్ను ఆదిలాబాద్ దాకా తిప్పాను.

ఇప్పుడు అసలు మాట. నీకు మంచి కార్డు పనికిరాదు. నకిలీయే కావాలి. ఆ హైదరాబాద్ మనిషి ఒకే చిప్పును ఎనిమిదిసార్లు నకలు చేశాడు. ఎనిమిదింటికీ నంబరు ఒకటే. నీ రెండో ఫైలు ఆ నంబరుతో రాసిందే. నీది కాలింది. మిగతా ఏడింటిలో ఏ ఒక్కటి బతికున్నా నీ రెండో ఫైలు తెరుచుకుంటుంది. ఈ మాట నేను చెప్పకపోతే నీకు ఎవరూ చెప్పలేరు.

ఏడుగురి పేర్లు నాకు గుర్తున్నాయి. వెళ్లి అడగాలి. ఎందుకు కావాలో చెప్పకుండా అడిగితే ఎవరూ ఇవ్వరు. చీటీ రాసుకున్నాను. అందులో అంతా ఉంది.

ముష్తాక్

బోరిగూడ
8 నవంబరు 2024

ముష్తాక్‌కు,

ఉత్తరం అందింది. 30వ తేదీకి ఇరవై రెండు రోజులు ఉన్నాయి. వెతుకు.

ఏలియా

కరీంనగర్
20 నవంబరు 2024

ఏలియాకు,

కార్డు దొరికింది. ఈ డబ్బాలోనే ఉంది. ముందు అది పెట్టి చూసి తర్వాత ఈ ఉత్తరం చదువు.

ఏడుగురిలో ఇద్దరు చనిపోయారు. వాళ్ల ఇళ్లలో కంప్యూటరు ఉండేదన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. ఒకరు చీటీ చదివి తలుపేసుకున్నారు. ఒకరి కార్డును ఎలుకలు కొరికాయి, ఒకరిది పాత సామానులో పోయింది.

ఆరోవాడు అంతయ్య. కొండగట్టు మెట్ల కింద పూజ సామాను దుకాణం. అప్పట్లో అగరబత్తి ప్యాకెట్ల మీది చీటీలు అచ్చు వేసుకునేవాడు. నా చీటీ చదివాడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. నవ్వడం మొదలుపెట్టి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఇరవై అయిదేండ్లకు చెప్పొచ్చినవా సాబ్! నీ దుకాణం తెరిచిన్నాడు నేనిచ్చిన కొబ్బరికాయ సుత కుళ్లిందే. తెలిసే ఇచ్చిన. ఇగ చెల్లుకు చెల్లు, చాయ్ తాగు." కంప్యూటరు ఎప్పుడో అమ్మేశాడు. చాయ్ తాగాను. అతను నవ్వినందుకు తేలిక పడాల్సింది. పడలేదు.

చివరికి నస్పూర్. మమతారాణి గారు. భర్త గనిలో పని చేసేవాడు, ఆమె కాలనీలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. ఇప్పుడు అక్కడే జిరాక్స్ మిషన్ పెట్టుకుంది. ముగ్గురు గిరాకీ ఉన్నారు. చీటీ ఇచ్చాను. చదివి, కూర్చోమనలేదు. గిరాకీని నిలబెట్టి నా చీటీని మొదటి నుంచి చివరి దాకా పైకి చదివింది. తర్వాత అన్నది:

"నోరున్నన్ని దినాలు అబద్ధం చెప్పినవు. నోరు పోయినంక నిజం చెప్పవడ్తివి. మంచిగుంది సాబ్."

గిరాకీలో ఒకాయన, "పోనీ అమ్మా, ముసలాయన" అన్నాడు.

"నువ్వూకో అన్నా. ఏం తెలుసు నీకు? గని కార్మికుల సంఘం మెంబర్ల లిస్టు మొత్తం నేను కొట్టిన, మూడు నెలలు. ఈయన వచ్చి రిపేర్ చేసి పోయిండు, తెల్లారేసరికి ఫైల్లు లేవు. నీ చేతులే ఏదో నొక్కినయమ్మా అన్నడు. ఈయననే అన్నడు. సంఘపోళ్లు పని తీస్కపోయిన్రు. డిలీట్ బటన్ కాడికి వేలు పోతె ఇప్పటికి సుత వణుకుతది నాకు."

అది నేనన్న మాటే. నాకు గుర్తులేదు. ఆమె చెప్పాక గుర్తొచ్చింది.

కంప్యూటరు లోపలి గదిలో బొంత కప్పి ఉంది. ఆమె అమ్మలేదు, ఎప్పటికైనా ఆ ఫైళ్లు వస్తాయేమోనని. ఆమె అసలు కార్డు ఎవరికి అమ్మానో చెప్పమంది. పెద్దపల్లిలో ఒకరికి. ఆయనా లేడు, కార్డూ లేదు. అది కూడా రాసి చూపించాను.

కార్డు ఇస్తానంది. ఒక షరతు. ఒక తెల్ల కాగితం నా ముందు పెట్టి చెప్పినట్టు రాయమంది: "1999లో ఫైళ్లు పోవడం మమతారాణి తప్పు కాదు. తప్పు నాది." సంతకం పెట్టాను. "ముద్ర ఏది?" అంది. దుకాణం ముద్ర ఇంట్లో ఉందన్నాను. "పోయి తెచ్చుకో" అంది. కరీంనగర్ వచ్చి, ముద్ర తీసుకుని మర్నాడు మళ్లీ నస్పూర్ వెళ్లాను. ముద్ర వేశాక ఆ కాగితాన్ని జిరాక్స్ తీసి నాకొకటి ఇచ్చింది. అసలుది గోడకు అంటించింది.

నీ సంగతి కూడా చీటీలో ఉంది కాబట్టి, వెళ్లేటప్పుడు అడిగింది. "గా తల్లి కొడుకు పేరేంది?" ఫిలిప్ అని రాశాను. పని కాగానే కార్డు తిరిగి పంపమంది. పంపు.

ఒళ్లు అలసిపోయింది. ఇంకేమీ రాయలేను.

ముష్తాక్

బోరిగూడ
30 నవంబరు 2024

ముష్తాక్,

23న కార్డు అందింది. నువ్వు చెప్పినట్టే ముందు పెట్టి చూశాను. రెండో ఫైలు తెరుచుకుంది. ప్రింటరు రిబ్బను ఎండిపోయి ఉంటే ముద్రల సిరా ఎక్కించి ఆరబెట్టాను. 97 నుంచి 171 దాకా నాలుగు పేజీలు. 140 ఎవరిదో తేలింది, కొట్లాడిన రెండు ఇళ్ల వాళ్లదీ కాదు.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఉంది.

129. ఫిలిప్, తండ్రి రాజయ్య, తొమ్మిదేళ్లు. 14 ఆగస్టు 2001.

131. పేరు తెలియదు. పురుషుడు, సుమారు నలభై. రోడ్డు పనికి మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవాడు. జ్వరం. 17 ఆగస్టు 2001.

రెండుసార్లు చదివాను. టైపు చేసింది నేనే, తప్పు లేదు. ఆ నెలలో తొమ్మిది మందిని మట్టి చేశాం. రాళ్లు పాతింది నేనే. సెప్టెంబరులో లచ్చవ్వ ఆస్పత్రి నుంచి వచ్చి, "ఏది తమ్మీ?" అని అడిగిన రోజున కరెంటు లేదు. సాయంత్రం రమ్మంటే సరిపోయేది. కానీ ఆమె నిలబడలేకపోతోంది. నాకు గుర్తున్నట్టు తోటలోకి తీసుకెళ్లి ఒక రాయి చూపించాను. తర్వాత సరిచూడలేదు. చూడాలని తోచలేదు కూడా. ఇరవై మూడేళ్లు ఆమె సున్నం వేసింది నేను చూపించిన రాయికి.

నీకు నేను రాసిన అక్టోబరు ఉత్తరం గుర్తొచ్చింది. తేదీలూ నంబర్లూ వేసి, కింద హోదా పెట్టి రాసింది.

జాబితా చేతిలో పట్టుకుని రెండు రోజులు తిరిగాను. ఎవరికీ తెలియదు. 131 పక్కన ఫిలిప్ అని రాస్తే సరిపోతుంది, ఎవరూ అడగరు. నువ్వు చీటీ రాసుకుని వెళ్లావు. లచ్చవ్వకు చదువు రాదు. నోటితోనే చెప్పాలి.

26న వెళ్లాను. వాకిట్లో పత్తి ఆరబోస్తోంది. నిలబడే చెప్పాను. విన్నది. పత్తి మీది చేయి ఆగింది.

"నువ్వు చూపిచ్చినవు గదా తమ్మీ."

"నేనే అక్కా."

"నేను అడిగితి గదా, ఇదేనా అని. రెండుసార్లు అడిగిన."

"అడిగినవు."

లేచి ఇంట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. నేను వాకిట్లోనే నిలబడ్డాను. ఎంతసేపో చూడలేదు. పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగితే చెప్పలేకపోయాను. నాకు గొంతు ఉంది. పని చేయలేదు.

తలుపు తీసినప్పుడు చెప్పులు వేసుకుని ఉంది. "నడు. ఏడుందో చూపియ్యి. ఈసారి కాయితం తెచ్చుకున్నవా?"

చూపించాను. 129 పల్లేరు మొక్కల్లో సగం కూరుకుపోయి ఉంది. నంబరు కనిపించేలా మొక్కలు పీకాను. రాయి దగ్గర కూర్చుంది. ఏడ్వలేదు. రాయిని కొంగుతో తుడిచి, నంబరు మీద వేలు పెట్టి, ఇది ఎంత, ఇది ఎంత అని ఒక్కో అంకె అడిగింది. ఒకటి, రెండు, తొమ్మిది అని చెప్పాను. అక్కడి నుంచి తన పాత రాయి వైపు చూసింది. మధ్యలో ఒకే ఒక సమాధి. తెల్లగా ఉన్నది ఆ రాయి ఒక్కటే.

"గాయినెవలు?"

"పేరు తెల్వది. రోడ్డు పని మనిషి."

"ఎవలన్న వచ్చిన్రా ఆయన కోసం?"

"రాలే."

లేచేటప్పుడు నా చేయి అందిస్తే పట్టుకోలేదు. రాయిని పట్టుకునే లేచింది.

ఈ ఉదయం జాబితా ఇచ్చే ముందు సంఘం గదికి వచ్చింది. "ఇద్దర్ని నా పేరు మీద రాయి" అంది. ఫారంలో సంబంధం అని ఒక గడి ఉంది. ఫిలిప్ దగ్గర తల్లి అని రాశాను. 131 దగ్గర ఏం రాయాలని అడిగాను.

"ఇరవై మూడేండ్లు మాట్లాడిన ఆయనతోటి. చేనుల సంగతి, ఇంట్ల సంగతి, అన్నీ చెప్పుకున్న. ఎరికైనోళ్లని రాయి."

అలాగే రాశాను. మండల ఆఫీసులో గుమస్తా ఆ గడి మీద పెన్ను ఆపి నా వైపు చూశాడు. సంఘ కార్యదర్శిగా సంతకం పెట్టాను. తీసుకున్నాడు.

నాతో ఆమె ఇంకా సరిగా మాట్లాడటం లేదు. నిన్న వందనాలు చెబితే తల ఊపింది. నిన్ను క్షమించానని ఈ ఉత్తరంలో రాద్దామనుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఆ మాట రాయడానికి నాకు చేయి రావడం లేదు. నువ్వు ఏడు ఇళ్లకు వెళ్లావు. నాకు ఒక్క ఇంటికి వెళ్లడానికే రెండు రోజులు పట్టింది.

మమతారాణి గారి కార్డు ఈ డబ్బాలో ఉంది, నాలుగు పేజీల నకలు కూడా. 129వ వరస కింద గీత గీశాను. ఆమెకు చూపించు. పేరు అడిగింది కదా.

2217 నా దగ్గర ఉంచుకుంటున్నాను. రామచంద్రం గారికి ఆ సంగతి నువ్వే చెప్పాలి. చీటీ రాసుకో.

డిసెంబరు 9న సమాధులు తవ్వుతారు. తవ్వేవాళ్ల దగ్గర జాబితా పట్టుకుని నిలబడటానికి ఇద్దరు మనుషులు కావాలి, నంబరు చదివేవాడు ఒకడు, గుర్తు పెట్టేవాడు ఒకడు. చదవడం నేను చదువుతాను. గుర్తు పెట్టడానికి మాట అక్కర్లేదు. పొద్దున్న బస్సుకు రా.

ఏలియా